డబ్బా మారింది, మందు మారలేదు: కూరగాయ తోటల్లో తెగుళ్లు ఎందుకు లొంగడం లేదు?

క్లుప్తంగా: ఒకే తీరుగా పనిచేసే తెగులు మందును పదే పదే కొడితే, దానికి చావని శిలీంధ్రమే తోటలో మిగిలి పెరుగుతుంది. చాలా తోటల్లో మారుతున్నది మందు పేరే, అది పనిచేసే తీరు మారడం లేదు. ఏ డబ్బాలో ఏ గ్రూపు మందు ఉందో కొనేవాళ్లకు తెలియాలి, కొట్టినదల్లా రాసుకోవాలి, నారు దశ నుంచే జాగ్రత్త మొదలవ్వాలి. ఒక్క రైతు చేస్తే సగం ఫలితం, ఊరంతా చేస్తేనే పూర్తి ఫలితం.

మొన్నటిదాకా బాగా పనిచేసిన మందు ఈసారి నీళ్లు కొట్టినట్టే ఉందన్న మాట కూరగాయలు పండించే ఊళ్లలో కొత్తేమీ కాదు. హైదరాబాద్‌కు కూరగాయలు పంపే చేవెళ్ల, శంకర్‌పల్లి, యాచారం, వంటిమామిడి వైపు బీర పందిళ్లకైనా, టమాటా తోటలకైనా ఇది వర్తిస్తుంది. మందు కల్తీదని కొందరంటారు, ముసురు పట్టి మందు కడుక్కుపోయిందని కొందరంటారు. రెండూ నిజమయ్యే సందర్భాలున్నాయి. వీటికి తోడు మూడో కారణం ఒకటుంది. తెగులు తెచ్చే శిలీంధ్రమే ఆ మందుకు లొంగని రకంగా మారిపోవడం. శాస్త్రవేత్తలు దీన్ని శిలీంధ్రనాశిని నిరోధకత అంటారు. రైతుల మాటల్లో చెప్పాలంటే తెగులు మందుకు అలవాటు పడింది.

ఈ 'అలవాటు' అన్న మాట దగ్గరే కొంత తికమక ఉంది.

జరిగేది ఏరివేత

అలవాటు అనగానే ఒకే జీవి రోజూ కొంచెం కొంచెం తట్టుకుంటూ మొండిబారడం గుర్తొస్తుంది. శిలీంధ్రంలో జరిగేది వేరు. బూడిద తెగులు పట్టిన సొర ఆకును వేలితో రుద్దితే తెల్లటి పొడి అంటుకుంటుంది. ఆ పొడిలో ఉన్నవన్నీ సిద్ధబీజాలే, అంటే శిలీంధ్రానికి విత్తనాల్లాంటివి, లెక్కపెడితే లక్షల్లో తేలతాయి. అవి గాలికి లేచి పక్క ఆకు మీద పడి, వాతావరణం అనుకూలిస్తే వారం తిరక్కుండానే మళ్లీ బీజాలు పుట్టిస్తాయి. ఇన్ని కోట్ల నకళ్లు ఇంత వేగంగా తయారవుతుంటే జన్యువుల్లో అక్కడక్కడా రాతతప్పులు దొర్లుతాయి. ఏదో ఒక తప్పు సరిగ్గా మందు తగిలే చోటే పడితే ఆ బీజం మీద మందు పనిచేయదు. అలాంటివి మందు కొట్టక ముందు నుంచే తోటలో ఉంటాయి, కాకపోతే లెక్కలోకి రానంత తక్కువ. మందు కొట్టినప్పుడల్లా మామూలువి చచ్చి ఇవి మిగులుతాయి. తోటను అవే ఆక్రమిస్తాయి.

కాగితం మీద ఒక చిన్న లెక్క వేస్తే సంగతి తేటపడుతుంది. కోటి బీజాల్లో ఒకటి మాత్రమే మొండిది అనుకుందాం. మందు మామూలు బీజాల్లో నూటికి 90 చంపుతుంది, మొండిదాన్ని ఏమీ చేయలేదు. ఒక్కో పిచికారీకి మొండివాటి వాటా పది రెట్లు పెరుగుతుంది. మొదటిసారి కొట్టాక పది లక్షలకు ఒకటి, రెండోసారికి లక్షకు ఒకటి, మూడోసారికి పదివేలకు ఒకటి, ఆపైన వెయ్యికి, వందకి. ఆరోసారి కొట్టేసరికి పది మామూలు బీజాలకు ఒక మొండిది తయారవుతుంది. ఏడోసారికి చెరి సగం.

ఇదే లెక్కను రైతు వైపు నుంచి చూడాలి. మొదటి ఆరు పిచికారీల్లో తెగులు దాదాపు 90 శాతం చొప్పున తగ్గుతూనే ఉంటుంది. ఏడోసారి 82 శాతం తగ్గుతుంది. ఆ తేడా కంటికి ఆనదు, వాన పడిందనో గాలి వీచిందనో సరిపెట్టుకుంటారు. ఎనిమిదోసారి ఒక్కసారిగా 45 శాతానికి పడిపోతుంది. రాత్రికి రాత్రి మందు చచ్చుబడినట్టు కనిపించేది అందుకే. నిజానికి మొదటి ట్యాంకు కలిపిన రోజు నుంచే ఏరివేత నడుస్తోంది. పొలంలో పరిస్థితి ఇంత సాఫీగా ఉండదు. పక్క చేల నుంచి మామూలు బీజాలు వచ్చి కలుస్తాయి, కొన్ని మొండి రకాలు మందు లేనప్పుడు పోటీలో వెనకబడతాయి. అయినా వరస మాత్రం ఇదే.

ఫ్యూజు ఒక్కటే పీకితే

అన్ని మందులకూ ఈ గతి పట్టదు. మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమాన్ని 1885 నుంచి వాడుతున్నారు. రాగి మందులు ఇప్పటికీ శిలీంధ్రాల మీద పనిచేస్తూనే ఉన్నాయి. గంధకం అంతకంటే పాతది. మాంకోజెబ్, అంటే రైతులు ఎం-45 అని అడిగే పసుపు పొడి, 1960ల నుంచి మార్కెట్లో ఉంది. వీటికి పెద్దగా నిరోధకత రాలేదు.

తేడా ఎక్కడుందో బోరు మోటారుతో పోల్చి చూడొచ్చు. మోటారు ఆపాలంటే ఫ్యూజు పీకొచ్చు. పని చిటికెలో అవుతుంది. కానీ ఎవరో ఒక వైరు ముక్క చుట్టేస్తే మోటారు మళ్లీ తిరుగుతుంది. అలా కాకుండా ఫ్యూజు, స్టార్టరు, కేబులు, వైండింగు అన్నీ ఒకేసారి పాడుచేస్తే ఒక్క వైరు ముక్కతో దాన్ని లేపలేరు. రాగి, గంధకం, మాంకోజెబ్, క్లోరోథలోనిల్ లాంటివి శిలీంధ్ర కణంలో ఒకేసారి అనేక చోట్ల దెబ్బ తీస్తాయి. అన్నిచోట్లా ఒకేసారి రాతతప్పు పడి తప్పించుకోవడం శిలీంధ్రానికి దాదాపు అసాధ్యం. ఇవి ఆకు పైనే ఉండి కాపాడతాయి, లోపలికి పోయిన తెగులును ఏమీ చేయలేవు.

తర్వాత తరం మందులు ఆకులోకి ఇంకి, కణంలో ఒకే ఒక్క చోటును గురిపెడతాయి. అందుకే తక్కువ మోతాదులో గట్టిగా పనిచేస్తాయి. వాటి బలహీనత కూడా అక్కడే ఉంది. అజాక్సీస్ట్రోబిన్, పైరాక్లోస్ట్రోబిన్, ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్ వగైరాలను కలిపి స్ట్రోబిలురిన్లు అంటారు. ఇవి శిలీంధ్రం కణంలో శక్తి తయారయ్యే సైటోక్రోమ్ బి అనే ప్రోటీన్‌కు అడ్డుపడతాయి. ఆ ప్రోటీన్‌లో 143వ స్థానంలో గ్లైసిన్ ఉండాల్సిన చోట అలనిన్ వచ్చి చేరితే చాలు, మందు అతుక్కోదు. ఒక్క అక్షరం మారినట్టు అన్నమాట.

ఈ మందుల పుట్టుక కథ కూడా ఇక్కడ చెప్పుకోవాల్సిందే. పైన్ కాయల మీద మొలిచే ఒక చిన్న పుట్టగొడుగు, పక్కనున్న వేరే శిలీంధ్రాలను చంపడానికి ఒక పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. స్ట్రోబిలురిన్లు దాన్ని చూసి చేసినవే. తన విషానికి తానే చావకుండా ఆ పుట్టగొడుగుకు ముందే తట్టుకునే ఏర్పాటు ఉంది. అంటే ఈ మందు ఎంత పాతదో, దీన్ని తప్పించుకునే ఉపాయమూ అంతే పాతది.

వచ్చిన ప్రతిదానికీ అదే కథ

1960ల చివర్లో బెనోమిల్ వచ్చింది. ఇక్కడ అందరికీ తెలిసిన కార్బెండజిమ్ దాని కుటుంబమే. 1969లోనే దోస జాతి పంటల బూడిద తెగులు బెనోమిల్‌కు లొంగడం లేదని అమెరికాలో నమోదైంది. 1977లో బూజు తెగుళ్ల కోసం మెటలాక్సిల్ వచ్చింది. రెండు మూడేళ్లలో ఇజ్రాయెల్ దోస తోటల్లో, యూరప్ బంగాళాదుంప పొలాల్లో అది చేతులెత్తేసింది. 1996లో స్ట్రోబిలురిన్లు అమ్మకానికి వచ్చాయి. 1998లో ఉత్తర జర్మనీ గోధుమ చేలలో బూడిద తెగులు వాటిని తట్టుకుంది. ఆ వెంటనే జపాన్‌లో దోస పంటల వంతు వచ్చింది.

మన వైపు కూడా ఉదాహరణ ఉంది. 2009-10 ప్రాంతంలో దక్షిణాదిన టమాటాను లేట్ బ్లైట్ అనే మాడు తెగులు తుడిచిపెట్టినప్పుడు, పరిశోధకులు దాని వెనక 13_ఎ2 అనే యూరప్ వంశాన్ని గుర్తించారు. మెటలాక్సిల్‌కు లొంగని రకంగా అప్పటికే పేరుపడిన వంశం అది. అంటే నిరోధకత మన తోటలోనే పుట్టాలన్న నియమం లేదు, సముద్రాలు దాటి కూడా వస్తుంది.

ఇలా వరసగా దెబ్బలు తిన్నాకే మందుల కంపెనీలు 1981లో ఫ్రాక్ అనే అంతర్జాతీయ కమిటీని పెట్టుకున్నాయి. మందు పనిచేసే చోటును బట్టి ఆ కమిటీ ఒక్కో గ్రూపుకు ఒక్కో అంకె ఇస్తుంది. కార్బెండజిమ్, థయోఫనేట్ మిథైల్ గ్రూపు 1. హెక్సాకొనజోల్, టెబుకొనజోల్, డైఫెనోకొనజోల్ లాంటి 'కొనజోల్'లు గ్రూపు 3. మెటలాక్సిల్ గ్రూపు 4. స్ట్రోబిలురిన్లన్నీ గ్రూపు 11. డైమిథోమార్ఫ్ గ్రూపు 40. రాగి, గంధకం, మాంకోజెబ్ వగైరాలకు అంకె ముందు 'ఎం' అక్షరం ఉంటుంది. ఒక గ్రూపులో ఒక మందుకు లొంగని శిలీంధ్రం సాధారణంగా ఆ గ్రూపులో మిగతావాటికీ లొంగదు. రైతుకు ఉపయోగపడే సమాచారం అంతా ఈ ఒక్క అంకెలో ఉంది.

షాపు కౌంటర్ దగ్గర

చిక్కంతా ఆ అంకె రైతు చేతికి చేరకపోవడంలో ఉంది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. అసలు రసాయనం పేరు కింద సన్నగా ఉంటుంది, గ్రూపు అంకె అన్ని ప్యాకెట్ల మీదా ఉండదు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణం గుర్తు కనిపిస్తుంది గానీ అది ఎంత విషమో చెప్పేది మాత్రమే. పనిచేసే తీరుకూ దానికీ సంబంధం లేదు.

మందుల షాపులో ఒకే అరలో మూడు డబ్బాలు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. ఒకదానిలో అజాక్సీస్ట్రోబిన్, డైఫెనోకొనజోల్ కలిసి ఉన్నాయి. రెండోదానిలో ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్, టెబుకొనజోల్. మూడోదానిలో అజాక్సీస్ట్రోబిన్, టెబుకొనజోల్. మూడు కంపెనీలు, మూడు రంగులు, మూడు ధరలు. పదిరోజులకొకటి చొప్పున ఈ మూడూ కొట్టిన రైతు మందులు మార్చి మార్చి కొట్టానని నమ్ముతాడు. అంకెల్లో చూస్తే మూడుసార్లూ 11, 3, 11, 3, 11, 3. మొండి శిలీంధ్రానికి ఇంతకంటే మంచి సేవ ఉండదు.

రెండు మందులు కలిపి ఉన్న డబ్బా భద్రమే కదా అన్న ప్రశ్న వస్తుంది. రెండూ ఆ తెగులు మీద పనిచేస్తున్నంతకాలం భద్రమే. ఒకదానికి తప్పించుకున్న బీజాన్ని రెండోది చంపుతుంది. కానీ ఆ తోటలో స్ట్రోబిలురిన్ ఇప్పటికే పనిచేయడం మానేసి ఉంటే, కొన్నది రెండు మందుల ధరకు ఒక మందు. ఆ ఒక్కదాని మీదే భారమంతా పడి అదీ తొందరగా అరిగిపోతుంది. మాంకోజెబ్ జతచేసిన డబ్బాలు ఈ విషయంలో కొంత మెరుగు.

తెగులు వచ్చిన ఆకును పట్టుకొచ్చి చూపించే రైతుకు ఎక్కువసార్లు డాక్టరు షాపు యజమానే. మందు తరచూ ఉద్దెర మీద వస్తుంది, కాబట్టి ఏ షాపులో ఖాతా ఉంటే ఆ షాపులో ఉన్న మందే తోటకు చేరుతుంది. దీన్ని తప్పుబట్టి లాభం లేదు. సలహా నిజంగా అందే చోటు అదే అయినప్పుడు అక్కడే దాన్ని బాగుచేయడం తెలివైన పని. వ్యవసాయ విస్తరణలో శిక్షణ ఇచ్చే రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లో ఎరువులు, మందుల డీలర్ల కోసం 48 వారాల డిప్లొమా మొదలుపెట్టింది ఈ ఆలోచనతోనే. గ్రూపు అంకెను బిల్లు మీద రాసివ్వడం అనే ఒక్క చిన్న అలవాటు ఆ కౌంటర్ దగ్గర మొదలైతే, పది కరపత్రాలకు మించిన పని జరుగుతుంది.

పనిచేయలేదంటే అన్నిసార్లూ నిరోధకతే అనుకోకూడదు

నిరోధకత అనే ముందు కొట్టివేయాల్సిన అనుమానాలు కొన్నున్నాయి. మొదటిది, తెగులునే తప్పుగా గుర్తించడం. బీర, దోస ఆకు మీద ఈనెల మధ్య కోణాలుగా పసుపు మచ్చలు వచ్చి, మంచు పడ్డ ఉదయం ఆకు తిప్పితే అడుగున బూడిద, ఊదా కలిసిన బూజు కనిపిస్తే అది బూజు తెగులు. ఆకు పైన పిండి చల్లినట్టుంటే బూడిద తెగులు. పేర్లు దగ్గరగా ఉన్నా రెండింటికీ చుట్టరికం లేదు. బూజు తెగులు, లేట్ బ్లైట్ తెచ్చేవి శాస్త్రం లెక్కలో అసలు శిలీంధ్రాలే కావు, నాచు వర్గానికి దగ్గరివి. వాటి మీద కార్బెండజిమ్ గానీ కొనజోల్‌లు గానీ ఏ రోజూ పనిచేయలేదు. టమాటా ఆకుల మీద గుండ్రటి వలయాలతో వచ్చే ఎర్లీ బ్లైట్ మీద కూడా కార్బెండజిమ్ ప్రభావం నామమాత్రమే. ఇక వైరస్ వల్ల వచ్చే ఆకుముడత, బెండలో పల్లాకు తెగులు, బాక్టీరియా వల్ల వచ్చే వాడు తెగులు సంగతి చెప్పనక్కర్లేదు. వాటికి ఏ శిలీంధ్రనాశిని కొట్టినా డబ్బు దండగ.

రెండోది మోతాదు, దీని మీద కాస్త నిలబడి చూడాలి. టమాటాలో 23 శాతం అజాక్సీస్ట్రోబిన్ లేబుల్ ప్రకారం లీటరుకు 1 మిల్లీలీటరు, ఎకరాకు 200 లీటర్ల నీళ్లు. అంటే ఎకరాకు 200 మిల్లీలీటర్ల మందు పడాలి. పవర్ స్ప్రేయర్ చేతికొచ్చాక పని త్వరగా ముగించి 120 లీటర్లతోనే ఎకరం చుట్టేస్తే, లీటరు లెక్క సరిగ్గానే ఉన్నా తోటకు అందింది 120 మిల్లీలీటర్లు. పైగా ఆకు అడుగు తడవదు. బూజు తెగులు కూర్చునేదే అక్కడ.

మోతాదు తగ్గడం వల్ల ఏ నష్టమన్నది గ్రూపును బట్టి మారుతుంది. స్ట్రోబిలురిన్లు, కార్బెండజిమ్‌లకు నిరోధకత స్విచ్ వేసినట్టు వస్తుంది. ఆ మార్పు ఉన్న బీజానికి మోతాదు రెట్టింపు చేసినా ఏమీ కాదు. కొనజోల్‌లది వాలు లాంటి వ్యవహారం. కొన్ని బీజాలు సగం మోతాదుకు బతుకుతాయి, ఇంకొన్ని ముప్పావుకు. తక్కువ మోతాదు కొట్టిన ప్రతిసారీ ఆ సగం తట్టుకునేవాటికి పై మెట్టు ఎక్కే అవకాశం దొరుకుతుంది. ఏటేటా కొంచెం ఎక్కువ కొడితే గానీ పనిచేయడం లేదని అనిపించే మందు చాలాసార్లు ఈ గ్రూపుదే.

తెగులు సరిగ్గానే గుర్తించి, మోతాదు సరిగ్గా వేసి, వాన పడకుండా ఉండి, గడువు తీరని మందు మంచి షాపులో బిల్లుతో కొని కొట్టినా తగ్గకపోతే అప్పుడు నిరోధకతను అనుమానించాలి. తోటలో రెండు సాళ్లు మందు కొట్టకుండా, రెండు సాళ్లు వేరే గ్రూపు మందుతో వదిలి చూస్తే వారం పది రోజుల్లో తేడా తెలుస్తుంది. ఖాయంగా తేల్చాలంటే ల్యాబ్‌లో ఆకు బిళ్లల మీద రకరకాల మోతాదులతో పరీక్ష చేయాల్సిందే. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, సిద్దిపేట జిల్లా ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం, అన్నీ నగరం చుట్టూ ఉన్నవే. ఆ నైపుణ్యానికీ, ఆకు పట్టుకుని షాపుకెళ్లే రైతుకూ మధ్య దారి ఇరుకుగా ఉంది.

నగరం పక్కన పండే పంటలకే ఎందుకింత

వరి మీద తెగులు మందు సీజన్‌కు ఒకటి రెండుసార్లు పడుతుంది. కూరగాయల లెక్క వేరు. బెండ రోజు విడిచి రోజు కోతకొస్తుంది, టమాటా వారానికి రెండుసార్లు. మచ్చ ఉన్న కాయకు బోయిన్‌పల్లి మార్కెట్లో ధర పలకదు. కాబట్టి మచ్చ రాకముందే కొట్టేయాలన్న టెన్షన్ సహజం. పైగా నగరం చుట్టూ కూరగాయలు ఏడాది పొడుగునా ఉంటాయి. వానాకాలం బీర తీసేలోపే పక్క గుంటల్లో యాసంగి దోస మొలుస్తుంది. తెగులుకు ఖాళీ సమయం లేదు, మొండి రకానికి ఆకలి బాధ లేదు.

పాలీహౌస్‌లో ఇది ఇంకా చిక్కన. క్యాప్సికం, దోస నెలల తరబడి ఉంటాయి. బయటి నుంచి మామూలు బీజాలు వచ్చి మొండివాటిని పలచబరిచే అవకాశం తక్కువ. ఇజ్రాయెల్‌లో మెటలాక్సిల్ మొదట దెబ్బతిన్నది ప్లాస్టిక్ ఇళ్లలోని దోసలోనే కావడం యాదృచ్ఛికం కాదు.

ఇంకో ఇబ్బంది మందుల నమోదులో ఉంది. ప్రతి మందూ కేంద్ర పురుగుమందుల బోర్డు ఏ పంటకు అనుమతిస్తే ఆ పంటకే వాడాలి. టమాటా, మిరపలకు నమోదైన మందులు బాగానే ఉన్నాయి. కాకర, బీర లాంటి వాటికి తక్కువ. గ్రూపులు మార్చమని చెప్పడం సులువే, మార్చడానికి అనుమతి ఉన్న మందులు చాలినన్ని లేకపోతే రైతు ఏం చేయాలన్న ప్రశ్నకు ఇప్పటికి మంచి జవాబు లేదు.

వంటింటి దాకా వచ్చే సంగతి

మందు పనిచేయకపోతే రైతు చేసేది మళ్లీ కొట్టడం. పది రోజులకొకసారి పడేది ఐదు రోజులకు వస్తుంది. ప్రతి మందుకూ కొట్టిన తర్వాత ఇన్ని రోజులు ఆగి కోయాలన్న గడువు లేబుల్ మీద ఉంటుంది. రోజు విడిచి రోజు కోసే పంటలో ఆ గడువు ముందే కష్టం. పిచికారీలు పెరిగితే ఇక కుదరదు. అవశేషాల సమస్యను వినియోగదారులు రైతు అత్యాశగా చూస్తారు. చాలా సందర్భాల్లో దాని వెనక ఉన్నది లొంగని తెగులు.

కొనజోల్‌ల విషయంలో ఇంకో కోణం ఉంది. ఇదే కుటుంబం మందులు మనుషుల ఫంగస్ జబ్బులకూ వాడతారు. 2012లో ఢిల్లీ పరిశోధకులు మట్టిలో, పరిసరాల్లో ఉండే ఆస్పర్‌జిల్లస్ అనే శిలీంధ్రంలో ఈ మందులను తట్టుకునే రకాలను మన దేశంలో గుర్తించారు. వ్యవసాయంలో వాడకానికీ దీనికీ సంబంధం ఉందని ప్రపంచవ్యాప్తంగా పరిశోధనలు సూచిస్తున్నాయి. మనిషి ఫంగస్ జబ్బులకు మందుల కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. 2021లో బ్లాక్ ఫంగస్ సోకినవాళ్లతో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయినప్పుడు, ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం నగరమంతా తిరిగినవాళ్లకు ఇది బాగా తెలుసు. ఆ జబ్బు పొలాల వల్ల రాలేదు. చేతిలో మందులు ఎంత తక్కువో మాత్రం అది చూపించింది.

మార్చి కొట్టడం ఎలా ఉంటుంది

వానాకాలం టమాటానే తీసుకుందాం. నాటిన మొదటి నెలలో, మచ్చ కనపడక ముందు, మాంకోజెబ్ లేదా రాగి మందు లాంటి పైపూత మందులతోనే నడిపించొచ్చు. కింది ఆకుల మీద వలయాల మచ్చలు మొదలైతే అప్పుడు గ్రూపు 11, 3 కలిసిన డబ్బా ఒకసారి. ఆ తర్వాతి పిచికారీ తప్పకుండా పైపూత మందుకు తిరిగి రావాలి. మళ్లీ లోపలికి ఇంకే మందు అవసరమైతే అందులో 11 ఉండకూడదు. వానలు తెరిపివ్వక చల్లబడి లేట్ బ్లైట్ వాతావరణం వస్తే గ్రూపు 40 వైపు పోవాలి, అదీ మాంకోజెబ్‌తో కలిపి. ఒకే గ్రూపును వరసగా రెండుసార్లు కొట్టకపోవడం, సీజన్ మొత్తంలో స్ట్రోబిలురిన్ వాటా మూడో వంతు దాటకపోవడం తరచూ చెప్పే కొలత. తెగులు తోటంతా పాకాక ఒంటి గురి మందును దింపడం అన్నిటికంటే చెడ్డ పని. బీజాల సంఖ్య ఎంత ఎక్కువుంటే అందులో మొండిది ఉండే అవకాశం అంత ఎక్కువ.

మందు అవసరాన్నే తగ్గించే పనులు దీనికి తోడు కావాలి. టమాటాకు కర్రలు పాతి ఊతమిస్తే, మల్చింగ్ షీట్ వేస్తే వాన చినుకులకు మట్టి ఎగిరి కింది ఆకుల మీద పడదు. ఎర్లీ బ్లైట్ ఎక్కేది ఆ దారినే. పందిరి మీద పాత ఆకులు తీసేస్తే గాలి ఆడుతుంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ లాంటి టమాటా హైబ్రిడ్లు ఎర్లీ బ్లైట్‌ను కొంత తట్టుకుంటాయి. ట్రైకోడెర్మా విత్తనానికి, మట్టికి పట్టించేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అదీ శిలీంధ్రమే, కార్బెండజిమ్ దాన్నీ చంపుతుంది. ఒకే విత్తనానికి రెండూ పట్టిస్తే రెండో ఖర్చు మొదటిదాన్ని తినేస్తుంది.

ఒక్కరి తోటతో తెగేది కాదు

గాలికి గట్టు అడ్డం కాదు. ఒక రైతు పద్ధతిగా గ్రూపులు మార్చినా, పక్క నాలుగెకరాల్లో ఒకటే మందు పడుతుంటే అక్కడ తయారైన బీజాలు ఇక్కడికి వస్తాయి. కాబట్టి దీన్ని తోట స్థాయిలో కాక ఊరి స్థాయిలో చూడాలి. తెలంగాణలో రైతులు సమావేశమయ్యేందుకు 2,601 రైతు వేదికలు కట్టింది ఒక్కో వ్యవసాయ విస్తరణ అధికారి పరిధికి ఒకటి చొప్పున. ఆ పరిధిలో ఈ యాసంగి బీరకు ఏ నెలలో ఏ గ్రూపు అన్న ఒక ఒప్పందం గోడ మీద రాయడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. షాపులవాళ్లు కూడా ఆ సమావేశంలో కూర్చుంటేనే అది నిలుస్తుంది.

కౌలు రైతు సంగతి మాత్రం ఇక్కడ అడ్డు తగులుతుంది. వచ్చే ఏడు ఆ భూమి వెంచర్‌గా మారుతుందో, ఇంకొకరికి పోతుందో తెలియనివాడు మూడేళ్ల తర్వాత మందు పనిచేయడం గురించి ఎందుకు ఆలోచించాలి? నగరం చుట్టూ కూరగాయలు పండించేవాళ్లలో కౌలుదారులున్నంతకాలం, మందు కాపాడుకోవాలన్న సలహా ఈ గోడకు తగిలి ఆగుతుంది.

కొంత తేలిగ్గా సరిచేయగలిగేది నారు దగ్గరుంది. ఇప్పుడు చాలామంది నర్సరీల నుంచి ట్రేల్లో నారు తెస్తున్నారు. ఇరవై అయిదు, ముప్పై రోజులు ఒత్తుగా, తేమలో పెరిగే ఆ మొక్కలకు నర్సరీలో కొట్టిన మందులేవో కొనేవాడికి తెలియదు. మెటలాక్సిల్ రెండుసార్లు పడి వచ్చిన నారుకు తోటలో మొదటి పిచికారీగా మళ్లీ మెటలాక్సిల్ కొడితే, లెక్క ప్రకారం అది మూడోది. నర్సరీవాళ్లు ట్రేతో పాటు ఒక చీటీ ఇస్తే సరిపోతుంది. ఏ తేదీన ఏ మందు కొట్టారో దాని మీద రెండు వరుసల్లో రాస్తే చాలు.